ఫాల్‌అవుట్, లాస్ట్ ఆఫ్ అస్, ఆర్కేన్ చూశాక గేమ్స్ ఆడాలంటే ఏది ముందు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఫాల్‌అవుట్, ది లాస్ట్ ఆఫ్ అస్, ఆర్కేన్ మూడు సీరీస్‌లూ వరసపెట్టి చూశారు, మూడూ నచ్చాయి. ఫోన్‌లో బీజీఎంఐ ఆడటం తప్ప పెద్ద గేమ్స్ అలవాటు లేదు. ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డు (4 జీబీ), 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్ ఉంది, ఇప్పట్లో కన్సోల్ కొనరు. కథ ఎలాగూ తెలిసిపోయింది కదా, ఇప్పుడు ఆడితే మజా ఉంటుందా, ఉంటే దేనితో మొదలుపెట్టాలి?

సూటిగా చెప్తాను. ఫాల్‌అవుట్ 4తో మొదలుపెట్టండి. లాస్ట్ ఆఫ్ అస్‌ని మూడో గేమ్‌గా పెట్టుకోండి, మధ్యలో రెండోది ది విచర్ 3. ఆర్కేన్ నచ్చిందని దాని మూలమైన లీగ్ ఆఫ్ లెజెండ్స్ జోలికి మాత్రం పోకండి.

ఈ వరస ఏ సీరీస్ గొప్పదన్న దాన్నిబట్టి వేసింది కాదు. నన్నడిగితే మూడింట్లో ఆర్కేనే ముందుంటుంది. చూడాల్సింది వేరే: సీరీస్ మీకు ఇవ్వకుండా వదిలేసింది ఏదైనా గేమ్ దగ్గర ఉందా, అది కొత్తవాళ్ల చేతికి అందేదేనా, మీ ల్యాప్‌టాప్ దాన్ని మోయగలదా. ఈ మూడు ప్రశ్నలకీ ఫాల్‌అవుట్ 4 ఒక్కటే అవునంటుంది.

కథ తెలిస్తే ఏం పోతుంది, ఏం మిగులుతుంది

ఫాల్‌అవుట్ సీరీస్ (2024 ఏప్రిల్, 8 ఎపిసోడ్లు) ఏ గేమ్ కథనీ తిరిగి చెప్పలేదు. అదే లోకంలో, 2296లో, లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల జరిగే కొత్త కథ అది. ఫాల్‌అవుట్ 4 జరిగేది 2287లో, బోస్టన్‌లో. వాల్ట్, పవర్ ఆర్మర్, ఘూల్, బ్రదర్‌హుడ్ ఆఫ్ స్టీల్ అంటే ఏమిటో సీరీస్ మీకు ముందే చెప్పేసింది. గేమ్‌లో ఏం జరుగుతుందో మాత్రం ఒక్క ముక్కా చెప్పలేదు. కొత్తగా ఆడేవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి? మామూలుగా ఈ గేమ్ మొదటి రెండు గంటలూ ఆ లోకం అర్థం కాక తికమకపడుతూ గడుస్తాయి. ఆ ఇబ్బంది మీకు లేదు.

లాస్ట్ ఆఫ్ అస్‌ది సరిగ్గా తలకిందుల వ్యవహారం. 2013 నాటి గేమ్ కథనే సీజన్ 1 చాలావరకు ఉన్నదున్నట్టు చూపించింది. ఎవరు పోతారో, చివర ఆసుపత్రిలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. తేడాలు లేకపోలేదు. మూడో ఎపిసోడ్‌లో బిల్, ఫ్రాంక్‌ల జీవితం మొత్తం చూశారు కదా, గేమ్‌లో మనం వెళ్లేసరికే ఫ్రాంక్ లేడు, మిగిలిన బిల్ ఒట్టి చిరాకు మనిషి. గేమ్‌లో ఫంగస్ బీజాలు గాల్లో ఉంటాయి, మాస్క్ పెట్టుకోవాలి. మొదటి సీజన్ దాన్ని పక్కనపెట్టి నేల కింద పాకే తీగల దారి పట్టింది. ఇవి గమనిస్తూ ఆడితే బాగుంటాయి. కానీ వీటి కోసమే ఆడతామంటే సరిపోవు.

మిగిలేది చేతుల్లో ఉంటుంది. ఆ గేమ్‌లో గాయానికి కట్టే కట్టుకి ఒక గుడ్డ, కొంచెం ఆల్కహాల్ కావాలి. మోలటోవ్ సీసా చేయడానికీ అవే రెండూ కావాలి. పక్క గదిలో క్లిక్కర్ (ఫంగస్ సోకి చూపు పోయి, శబ్దాన్నిబట్టి మీదపడే మనిషి) తిరుగుతోంది, మీ దగ్గర గుడ్డ ఒకటే ఉంది. కట్టు కట్టుకుంటారా, తగలబెడతారా? సీరీస్‌లో జోయెల్ ఈ నిర్ణయాలన్నీ మన కంటపడకుండా తీసేసుకుంటాడు. గేమ్‌లో ప్రతి గదిలోనూ ఆ లెక్క మనదే. జిరాఫీల దగ్గర కూడా అంతే, ఎంతసేపు నిలబడాలో కెమెరా చెప్పదు, మీరు కదిలేదాకా ఆ దృశ్యం ఆగుతుంది. ఇక ఆసుపత్రిలో ఆఖరి గదికి వెళ్లాక మీరు ఏదో ఒకటి చేస్తే తప్ప గేమ్ ముందుకు పోదు. టీవీలో ఆ పని చేసింది జోయెల్ వేషం వేసిన పెడ్రో పాస్కల్. ఇక్కడ బటన్ మీద ఉన్నది మీ వేలు.

మరి మూడోదాకా ఎందుకు ఆగమంటున్నానంటే, ఇదంతా ఒంటబట్టాలంటే గురిపెట్టడం, కెమెరా తిప్పడం, నక్కి నడవడం ఆలోచించకుండా వచ్చేయాలి. మౌస్ ఎటు తిప్పాలో తడుముకుంటూ ఆడేవాళ్లకి ఆ ఉత్కంఠ చిరాకుగా మారుతుంది. నాలుగుసార్లు చచ్చాక కథ మీద ఉన్న ప్రేమ కూడా పోతుంది. పైగా పీసీ వెర్షన్ మీ కార్డుకి బరువు. ఆ సంగతి కింద చెప్తాను.

ఫాల్‌అవుట్ 4: మొదటి కొన్ని గంటలు ఇలా నడపండి

2015 నవంబరులో వచ్చిన గేమ్. కాబట్టి 3050 మీద 1080పీలో హై సెట్టింగ్స్‌తో హాయిగా నడుస్తుంది. డీఎల్ఎస్ఎస్ (తక్కువ రిజల్యూషన్ బొమ్మని పెంచి చూపి వేగం పెంచే ఎన్‌విడియా పద్ధతి) లాంటివి ఇందులో లేవు, అవసరమూ లేదు. కానీ మొదలుపెట్టే ముందు రెండు పనులు చేయాలి. చేయకపోతే తప్పకుండా ఇబ్బందిపడతారు.

ఒకటి, ఫ్రేమ్ రేటుని (సెకనుకి తెర మీద మారే బొమ్మల సంఖ్య) 60 దగ్గర కట్టేయండి. ఈ గేమ్ ఫిజిక్స్ ఫ్రేమ్ రేటుకి ముడిపడి ఉంది. మీ స్క్రీన్ 144 హెర్ట్జ్ అయితే గేమ్ ఆ వేగం అందుకోబోతుంది. అప్పుడు వస్తువులు ఎగిరిపడటం, తాళం తీసే దగ్గరో కంప్యూటర్ తెర దగ్గరో మనిషి ఇరుక్కుపోవడం మొదలవుతాయి. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మేనేజ్ త్రీడీ సెట్టింగ్స్, ప్రోగ్రామ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఈ గేమ్‌ని ఎంచుకుని మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ 60 పెట్టండి.

రెండు, లాంచర్ ఆప్షన్స్‌లో వెపన్ డెబ్రీ ఆఫ్ చేయండి. తూటా గోడకి తగిలినప్పుడు రాలే పెచ్చుల ఎఫెక్ట్ అది. ఆర్‌టీఎక్స్ తరం కార్డుల మీద కాల్పుల మధ్యలో గేమ్ ఠపీమని మూసుకుపోవడానికి పేరుమోసిన కారణం ఇదే. తీసేసినా కంటికి తేడా తెలియదు.

మోడ్స్ (ఆటగాళ్లు సొంతంగా చేసి గేమ్‌కి జోడించే మార్పులు) ఇప్పుడే వద్దు. సీరీస్ వచ్చిన నెలలోనే, 2024 ఏప్రిల్ 25న గేమ్ చేసిన బెథెస్డా కంపెనీ పెద్ద అప్‌డేట్ ఇచ్చింది. దాంతో ఎఫ్4ఎస్ఈ అనే సహాయక ప్రోగ్రామ్ మీద ఆధారపడ్డ మోడ్స్ అన్నీ ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. ఇంటర్నెట్‌లో కనిపించే పాత మోడ్ గైడ్లు పట్టుకుని కూర్చుంటే గేమ్ తెరుచుకోకముందే వారం గడిచిపోతుంది. మొదటిసారి ఉన్నదున్నట్టు ఆడండి.

పాత్ర తయారుచేసే దగ్గర ఏడు లక్షణాలుంటాయి: బలం, దృష్టి, ఓర్పు, మాటకారితనం, తెలివి, చురుకు, అదృష్టం. అన్నీ 1తో మొదలవుతాయి, పంచుకోవడానికి 21 పాయింట్లు ఇస్తారు. కొత్తవాళ్లకి నేను చెప్పే పంపకం:

బలం 3 (కవచాలకి మెరుగులు దిద్దే పెర్క్, అంటే అదనపు నైపుణ్యం, ఇక్కడ తెరుచుకుంటుంది), దృష్టి 4 (తాళాలు తీయడం), ఓర్పు 3, మాటకారితనం 6, తెలివి 5 (తుపాకీలకి మార్పులు 3 దగ్గర, కంప్యూటర్ల హ్యాకింగ్ 4 దగ్గర, తుక్కులోంచి పనికొచ్చేవి తీసే స్క్రాపర్ 5 దగ్గర), చురుకు 4, అదృష్టం 3. మొత్తం 28. మొదట ఇచ్చిన ఏడూ, మీరు పంచిన 21, లెక్క సరిపోతుంది. బయటికి వచ్చాక శాంక్చువరీలోని మీ పాత ఇంట్లో, పిల్లాడి గదిలో నేలమీద ఒక పుస్తకం పడి ఉంటుంది. తీసుకుంటే ఏదో ఒక లక్షణానికి ఇంకో పాయింటు. చాలామంది చూడకుండానే వెళ్లిపోతారు. ఒకవేళ పంపకం నచ్చకపోతే వాల్ట్ 111 లిఫ్ట్ ఎక్కేముందు పేరు, ముఖం, పాయింట్లు అన్నీ మార్చుకోమని గేమే ఒకసారి అడుగుతుంది.

మాటకారితనం అంత ఎందుకంటే రెండు కారణాలు. మాటలతో తప్పించుకునే చోట్లు ఎక్కువవుతాయి. ఇంకోటి, 3 దగ్గర లోన్ వాండరర్ అనే పెర్క్ ఉంది. ఎవరి తోడూ లేకుండా తిరిగితే దెబ్బలు తక్కువ తగులుతాయి, ఎక్కువ బరువు మోయొచ్చు. చమత్కారమేమిటంటే కుక్క డాగ్‌మీట్‌ని గేమ్ తోడుగా లెక్కించదు. కుక్కనీ వెంటేసుకోవచ్చు, పెర్క్ లాభమూ అందుతుంది.

దారి ఇదీ. శాంక్చువరీ నుంచి దక్షిణంగా దిగితే రెడ్ రాకెట్ పెట్రోలు బంకు, అక్కడే కుక్క దొరుకుతుంది. అక్కణ్ణుంచి కాంకర్డ్. మ్యూజియం పైకప్పు మీద పవర్ ఆర్మర్, మినీగన్ దొరుకుతాయి, కింద డెత్‌క్లా అనే భారీ రాక్షస జంతువు వస్తుంది. సీరీస్‌లో మ్యాక్సిమస్ తొడుక్కుని తిరిగినంత తేలిక కాదిది. లోపల ఫ్యూజన్ కోర్ అనే బ్యాటరీ ఉన్నంతసేపే నడుస్తుంది, పరిగెడితే త్వరగా అయిపోతుంది. డెత్‌క్లాతో వీధి మధ్యలో తలపడొద్దు. ఏదైనా దుకాణంలోకి దూరి గుమ్మంలోంచి కాల్చండి, అంత పెద్ద శరీరం తలుపులోంచి పట్టదు. పోరు అవగానే ఆర్మర్ శాంక్చువరీలో పెట్టేయండి. దిగేటప్పుడు కోర్ తీసి జేబులో వేసుకోండి, ఉంచితే ఎవరో ఒకరు తొడుక్కుని పోతారు.

ఆ తర్వాతే చాలామంది ఆగిపోతారు. ప్రెస్టన్ గార్వీ ఒక ఊరికి సాయం చేయమంటాడు. చేసి వస్తే ఇంకో ఊరు. అవి అంతులేకుండా పుట్టుకొచ్చే పనులు, కథ కాదు. ప్రెస్టన్‌ని శాంక్చువరీలో వదిలేసి నేరుగా డైమండ్ సిటీకి వెళ్లండి. బోస్టన్ ఫెన్‌వే పార్క్ బేస్‌బాల్ మైదానంలో కట్టుకున్న ఊరది. అసలు కథ, నిక్ వాలంటైన్ అనే డిటెక్టివ్ అక్కడి నుంచే ఊపందుకుంటాయి. ఇళ్లు కట్టే వ్యవహారం నచ్చితే చేసుకోండి, లేకపోతే మంచమొకటి వేసి మర్చిపోండి. కథ పూర్తిచేయడానికి అది పెద్దగా అక్కర్లేదు.

మీరు మొదలయ్యేది మ్యాప్‌లో వాయవ్య మూల. అక్కణ్ణుంచి దక్షిణానికి, ఆగ్నేయానికి వెళ్లేకొద్దీ శత్రువులు ముదురుతారు. నైరుతి మూలన ఉన్న గ్లోయింగ్ సీకి కథ పంపించేదాకా వెళ్లొద్దు, రేడియేషన్ బతకనివ్వదు. కష్టం స్థాయి నార్మల్‌లో ఉంచండి. సర్వైవల్ పేరు చూసి మోజు పడకండి, అందులో మంచం మీద పడుకుంటే తప్ప సేవ్ అవదు. ఎఫ్5 నొక్కితే క్విక్ సేవ్, తలుపు తెరిచే ప్రతిసారీ నొక్కే అలవాటు చేసుకోండి.

బీజీఎంఐ ఆడారు కాబట్టి గురి మీకు బొత్తిగా కొత్త కాదు, కానీ టచ్‌స్క్రీన్ వేరు, మౌస్ వేరు. అందుకే వ్యాట్స్ వాడండి. క్యూ నొక్కితే కాలం మందగిస్తుంది, శత్రువు తలో, కాలో, చేతిలో ఆయుధమో ఎంచుకుని కాల్చొచ్చు. కొత్తవాళ్లకి ఈ గేమ్ సరిపోతుందనడానికి సగం కారణం ఇదే.

సీజన్ 2 (2025 డిసెంబరు) కథని న్యూ వేగాస్‌కి తీసుకెళ్లింది కాబట్టి 2010లో అబ్సిడియన్ చేసిన న్యూ వేగాస్ గేమ్ ముందు ఆడాలా అని కూడా అడుగుతున్నారు. రాతలో అది ఫాల్‌అవుట్ 4 కంటే చాలా మెట్లు పైన ఉంటుంది, అందులో సందేహం లేదు. కానీ కాల్పులు మొద్దుగా ఉంటాయి, కొత్త విండోస్ మీద అలిగి మూసుకుపోతుంది. 4 అయ్యాక ఆడండి. స్టీమ్ ఆన్‌లైన్ దుకాణంలో కొంటే 4జీబీ ప్యాచర్ (గేమ్ ఎక్కువ మెమరీ వాడుకునేలా చేసే చిన్న ప్రోగ్రామ్) తప్పనిసరి, లేకపోతే మెమరీ చాలక క్రాష్ అవుతుంది. జీఓజీ అనే ఇంకో దుకాణంలో కొంటే ఆ పని వాళ్లే చేసి ఇస్తారు. ఇంకో మాట: మొదటి ఊరు గుడ్‌స్ప్రింగ్స్ నుంచి వేగాస్ లైట్లు ఉత్తరాన దగ్గరగానే కనిపిస్తాయి. అటు మాత్రం వెళ్లొద్దు. ఒక దారిలో కజడోర్‌లు (విషం చిమ్మే పెద్ద కందిరీగలు), ఇంకో దారిలో క్వారీ జంక్షన్ డెత్‌క్లాలు కాచుకుని ఉంటాయి. దక్షిణంగా ప్రిమ్, నిప్టన్, నోవాక్ చుట్టి రావాలి. గేమ్ కావాలనే అలా తిప్పుతుంది, దారిలో తగిలే మనుషులే అసలు కథ.

ఆర్కేన్ సంగతి

ఆర్కేన్‌లో మీకు నచ్చింది ఏమిటి? వై, జింక్స్ అక్కచెల్లెళ్ల గొడవ, పిల్టోవర్ నగరం కింద నలిగే జాన్ అనే ఊరు, ఫోర్టిష్ స్టూడియో గీసిన ముఖాలు. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో ఇవేవీ ఉండవు. ఐదుగురు ఐదుగురితో అరగంట పాటు కొట్టుకునే పోటీ ఆట అది. 160కి పైగా పాత్రలున్నాయి, ఎవరి శక్తులేమిటో తెలియకుండా దిగితే ఎందుకు చచ్చామో కూడా అర్థం కాదు. అర్థమయ్యేలోపు సొంత టీమ్ వాళ్లే చాట్‌లో తిట్లు లంకించుకుంటారు. గేమ్‌గా అది చెడ్డదని కాదు. 2009 నుంచి ఊరికే బతకలేదు. మీరు వెతుక్కునేది అక్కడ లేదు, అంతే. దానికితోడు 2024 నుంచి మోసాలు పట్టే వాన్‌గార్డ్ యాంటీ చీట్ ప్రోగ్రామ్ తప్పనిసరి, అది కంప్యూటర్ ఆన్ అయినప్పటి నుంచీ నడుస్తుంది. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే అసలు ఆలోచించకండి.

దాని బదులు కన్వర్జెన్స్ చూడండి. 2023 మేలో వచ్చింది, చేసినవాళ్లు డబుల్ స్టాలియన్. హీరో ఎక్కో, ఊరు జాన్. పక్కనుంచి చూసే రెండు కొలతల ఆట. దెబ్బ తగిలినా, గుంతలో పడినా కాలాన్ని కొన్ని క్షణాలు వెనక్కి తిప్పి మళ్లీ ప్రయత్నించొచ్చు. సీరీస్‌లో ఎక్కో చేసే పనే, ఇక్కడ మీ చేత చేయిస్తారు. ఆర్కేన్ కథకి ఇది కొనసాగింపు కాదు, ఆ ఆశతో కొనకండి. ఆర్కేన్ అంత లోతూ లేదు. కానీ జాన్ సందుల్లో మీ కాళ్లతో తిరిగే అవకాశం ఇంత తేలిగ్గా ఇంకెక్కడా లేదు, మీ ల్యాప్‌టాప్‌కి చెమట కూడా పట్టదు. ఫాల్‌అవుట్ మధ్యలో విరామంగా సరిపోతుంది.

లాస్ట్ ఆఫ్ అస్ పీసీ మీద: ఎక్కడ చెడుతుంది

పార్ట్ 1 పీసీకి వచ్చింది 2023 మార్చి 28న, మొదటి సీజన్ ముగిసిన కొద్ది రోజులకే. విడుదల రోజున దాని పరిస్థితి ఘోరం. ఇప్పుడు చాలా నయమైంది. అయినా కనీస అవసరం 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ మెమరీ, 100 జీబీ ఎస్ఎస్‌డీ. అంటే మీ మెషీన్ గుమ్మం మీద నిలబడింది. 1080పీ, డీఎల్ఎస్ఎస్ బ్యాలెన్స్‌డ్, టెక్స్‌చర్స్ లో, మిగతావి లో-మీడియం మధ్య పెడితే ఆడొచ్చు. సెట్టింగ్స్ తెరలో గ్రాఫిక్స్ మెమరీ ఎంత ఖర్చవుతోందో ఒక గీత చూపిస్తుంది. అది నిండకుండా చూసుకోవడమే మీ పని, నిండితే అడుగడుక్కీ తడబడుతుంది.

మొదటిసారి తెరవగానే మెనూలో షేడర్లు (వెలుతురు, రంగులు గీసే చిన్న ప్రోగ్రాములు) తయారవుతుంటాయి, చాలాసేపు పడుతుంది. ఆగలేక కథ మొదలుపెట్టేస్తే ఆ తయారీ వెనకాల నడుస్తూ గేమ్ నత్తనడక నడుస్తుంది. వంద శాతం అయ్యేదాకా మెనూలోనే వదిలేసి టీ తాగి రండి. డ్రైవర్ అప్‌డేట్ చేస్తే ఆ తంతు మళ్లీ మొదలు. ఇక్కడ డబ్బుకి సంబంధించిన మెలిక ఒకటుంది: స్టీమ్‌లో రీఫండ్ కావాలంటే కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకుండా అడగాలి. షేడర్ల కోసం మెనూలో కూర్చున్న సమయం కూడా ఆ 2 గంటల్లోకే వస్తుంది. అందుకే తయారీ ముగిసిన వెంటనే మొదటి పది పదిహేను నిమిషాలు ఆడి, నడుస్తుందో లేదో తేల్చుకోండి.

కష్టం స్థాయిని మొత్తంగా కాకుండా భాగాలుగా మార్చుకోవచ్చు: మీకు తగిలే దెబ్బలు, శత్రువులు, తోడున్నవాళ్లు, నక్కి నడవడం, దొరికే సామాను. నా సలహా, శత్రువులని తేలిక చేయండి కానీ సామాను మాత్రం మధ్యస్థంగానే ఉంచండి. గుడ్డలు, సీసాలు గుట్టలుగా దొరికితే పైన చెప్పిన ఆ లెక్కే ఉండదు, అది లేకపోతే ఈ గేమ్ ఎందుకు? సీసా కనిపిస్తే శబ్దం చేసి దృష్టి మళ్లించడానికి వాడండి, ఇటుక కనిపిస్తే కొట్టడానికి దాచుకోండి. కత్తిలా చేసుకునే షివ్‌లు క్లిక్కర్ల మీద వృథా చేయకండి, తాళం వేసిన గదులు అవి ఉంటేనే తెరుచుకుంటాయి, మంచి సామానంతా అక్కడే.

ఏడో ఎపిసోడ్‌లో చూసిన ఎల్లీ, రైలీల మాల్ కథ లెఫ్ట్ బిహైండ్ అనే పేరుతో ఇందులోనే వస్తుంది, విడిగా కొనక్కర్లేదు. సీజన్ 2 చూసి మిగతాది ఇప్పుడే తెలుసుకోవాలనుంటే పార్ట్ 2 కూడా 2025 ఏప్రిల్‌లో పీసీకి వచ్చింది. ముందే హెచ్చరిస్తున్నా, 150 జీబీ. సీజన్ ఎక్కడ ఆగిందో గేమ్‌లో దాదాపు అది నడిమధ్య.

రెండో గేమ్‌గా ది విచర్ 3

సీరీస్ (2019 డిసెంబరు) చూశారో లేదో మీరు చెప్పలేదు. చూడకపోయినా నష్టం లేదు. చూసినవాళ్లకి కూడా నా మాట ఒకటే: టీవీలోని హీరో గెరాల్ట్ కంటే గేమ్ గెరాల్టే నయం. వెలెన్ అనే ప్రాంతంలో వచ్చే బ్లడీ బారన్ కథ ఒక్కటి చాలు ఆ మాట నిలబెట్టడానికి. లాంచర్‌లో డైరెక్ట్‌ఎక్స్ 11, 12 రెండూ ఉంటాయి. 2022 డిసెంబరులో వచ్చిన కొత్త అందాలు, డీఎల్ఎస్ఎస్ రెండూ డైరెక్ట్‌ఎక్స్ 12లోనే ఉన్నాయి, కానీ 4 జీబీ కార్డు మీద అది తడబడుతుంది. 11 ఎంచుకోండి, హై సెట్టింగ్స్‌లో నున్నగా సాగుతుంది. ఆప్షన్స్‌లో మూవ్‌మెంట్ రెస్పాన్స్‌ని ఆల్టర్నేటివ్‌కి మార్చండి, లేకపోతే గెరాల్ట్ మలుపు తిరగడానికి లారీ అంత జాగా అడుగుతాడు. శత్రువు పేరు పక్కన పుర్రె కనిపిస్తే పరిగెత్తండి. మొదటి ప్రాంతం వైట్ ఆర్చర్డ్‌ని పూర్తిగా ఆడాకే వెలెన్‌కి వెళ్లండి.

సైబర్‌పంక్ 2077 గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి: ముందు ఎడ్జ్‌రన్నర్స్ చూడండి (2022 సెప్టెంబరు, 10 ఎపిసోడ్లు), తర్వాత గేమ్. ఈ ఒక్కదానికే సీరీస్ ముందుండాలని గట్టిగా చెప్తాను. ఆఫ్టర్‌లైఫ్ బార్ మెనూలో డేవిడ్ పేరుమీద ఒక డ్రింక్ కనిపించినప్పుడు గుండె కలుక్కుమనాలంటే డేవిడ్ ఎవరో తెలిసుండాలి. 2020 డిసెంబరులో ఎంత అప్రతిష్ఠ మూటగట్టుకుందో, 2023 సెప్టెంబరు నాటి 2.0 అప్‌డేట్‌తో అంత బాగుపడింది. అయితే ఇప్పుడు కనీస అవసరమే 6 జీబీ కార్డు. మీ 4 జీబీ మీద ఏదో నడుస్తుంది, ఆస్వాదించలేరు. ల్యాప్‌టాప్ మార్చాక చూడండి.

సినిమాల సంగతి రెండు ముక్కల్లో. అన్‌చార్టెడ్ (2022) నచ్చి పీసీ కలెక్షన్ కొంటే అందులో ఉండేవి నాలుగో భాగం, ఆ తర్వాతి లాస్ట్ లెగసీ. సినిమాలో అందరూ చెప్పుకునే సరుకు విమానం ఘట్టం మూడో భాగంలోది, అది పీసీకి రానే లేదు. మారియో సినిమా చూసి ఆడాలంటే నింటెండో మెషీనే కొనాలి, వేరే దారి లేదు. మైన్‌క్రాఫ్ట్ సినిమా చూసిన పిల్లలు ఇంట్లో ఉంటే మాత్రం ఆ గేమ్ ధైర్యంగా కొనండి. పీసీకి జావా, బెడ్‌రాక్ రెండూ ఒకే ప్యాక్‌లో ఇస్తారు.

ల్యాప్‌టాప్ విషయంలో కొన్ని

ఛార్జర్ పెట్టే ఆడండి. బ్యాటరీ మీద గ్రాఫిక్స్ కార్డుకి సగం కరెంటు కూడా అందదు, "గేమ్ బాగాలేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. వెనక భాగం కింద రెండు పుస్తకాలు పెట్టి ఎత్తితే గాలి ఆడుతుంది. పరుపు మీద పెట్టి ఆడితే వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

16 జీబీ ర్యామ్ ఒకే స్టిక్‌గా ఉందా, ఎనిమిదేసి రెండుగా ఉందా చూడండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ తెరిస్తే ఎన్ని స్లాట్లు వాడుకలో ఉన్నాయో కనిపిస్తుంది. ఒకటే ఉంటే, ఖాళీ స్లాట్‌లో దానికి జతది వేస్తే తడబాటు బాగా తగ్గుతుంది.

బరువైన గేమ్స్‌లో 60 ఫ్రేములు అందకపోతే 45 నుంచి 60 మధ్య ఊగిసలాడనివ్వకండి. స్థిరమైన సంఖ్య దగ్గర కట్టేయండి: 144 హెర్ట్జ్ స్క్రీన్ అయితే 48, 120 అయితే 40, 60 అయితే 30. సంఖ్య తగ్గినా కంటికి నున్నగా అనిపిస్తుంది. మోషన్ బ్లర్, ఫిల్మ్ గ్రెయిన్, క్రోమాటిక్ అబరేషన్ ఎక్కడ కనిపించినా ఆఫ్. మొదటిసారి ఆడేవాళ్లకి తల తిరగడంలో మొదటిదాని పాత్ర పెద్దది. ఫాల్‌అవుట్‌లో అయినా తిరిగితే మౌస్ చక్రం వెనక్కి తిప్పండి, కెమెరా వీపు వెనక్కి వస్తుంది.

100 జీబీ గేమ్ అంటే 100 ఎంబీపీఎస్ కనెక్షన్ మీద కూడా రెండుంపావు గంటలు, 40 మీద ఐదున్నర గంటలు. రాత్రి పెట్టి పడుకోండి. 512 జీబీలో విండోస్, ఫోటోలు పోను ఇలాంటివి రెండు కంటే ఎక్కువ ఉంచుకోవద్దు.

పైన చెప్పిన వాటిలో ఫాల్‌అవుట్ 4, విచర్ 3, లాస్ట్ ఆఫ్ అస్, సైబర్‌పంక్ ఏవీ తెలుగు సబ్‌టైటిల్స్‌తో రావు. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ మొదట్లోనే ఆన్ చేసి, అక్షరాల సైజు పెంచే ఆప్షన్ ఉన్నచోట పెంచుకోండి. విచర్‌లో యాసలు, ఫాల్‌అవుట్‌లో రేడియో గోల మధ్య మాటలు జారిపోతాయి.

కంట్రోలర్ ఇప్పుడే కొనక్కర్లేదు. ఫాల్‌అవుట్ 4కి మౌసే మేలు, సంచిలో సామాను సర్దుకోవడం తేలిక. విచర్ దగ్గరికొచ్చాక కొనండి, కత్తి యుద్ధం కంట్రోలర్ మీదే బాగుంటుంది.

మీ స్క్రీన్ ఎన్ని హెర్ట్జో, ర్యామ్ ఎన్ని స్టిక్‌లో చెప్తే విచర్‌కీ లాస్ట్ ఆఫ్ అస్‌కీ సెట్టింగ్స్ ఒక్కొక్కటిగా రాసి పెడతాను.